కోపం దిగేదాకా ఫైలు కదలదు

తుపాకీ కొనడానికి వచ్చిన మనిషిని ఎన్నాళ్ళు ఆగమనాలి అన్న విషయం మీద అమెరికాలో దశాబ్దాలుగా వాదులాట నడుస్తోంది. 1981లో అధ్యక్షుడు రీగన్ మీద జరిగిన కాల్పుల్లో ఆయన ప్రెస్ సెక్రటరీ జేమ్స్ బ్రాడీ తలకు తూటా తగిలింది. బ్రాడీ పేరుతో చట్టం రావడానికి 1993 దాకా పట్టింది. పిస్తోలు కావాలంటే ఐదు రోజులు ఆగాలన్నారు. 1998లో కొనేవాడి పాత కేసులను కంప్యూటర్లో అప్పటికప్పుడు చూసే తనిఖీ రాగానే ఆ ఐదు రోజులూ పోయాయి. ఇప్పుడు కాలిఫోర్నియా వాళ్ళు పది రోజులు ఆపుతారు, టెక్సాస్ వాళ్ళు అసలు ఆపరు. కోపంలో ఉన్నవాడికి నాలుగు రోజులు గడువిస్తే ప్రాణాలు నిలుస్తాయని ఒక వర్గం, హక్కుకు గడువేమిటని ఇంకో వర్గం.

అంత పెద్ద దేశానికి ఇంత చిన్న విషయం తేలకపోవడం చూస్తే జాలేస్తుంది. ఒక బృందాన్ని గుంటూరు పంపితే సరిపోయేది. ఐదు రోజులట! మన దగ్గర ఐదు రోజుల్లో దరఖాస్తు మీద ఇన్‌వర్డ్ నంబరు పడితే ఆ గుమస్తా గారికి శాలువా కప్పాలి. మనిషి కోపం చల్లార్చడానికి మనం ప్రత్యేకంగా చట్టం చేసుకోలేదు, ఊరేగింపులు తీయలేదు. మనకు ఫైలు ఉంది.

డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడు ఈ సంగతి విని నిట్టూర్చాడు. పక్కింటి తెల్లాయన మధ్యాహ్నం భోజనం చేసి వెళ్ళి సాయంత్రం కాఫీ వేళకి తుపాకీతో వస్తాడట. మావాడికి మాత్రం అమ్మరు. హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకు, వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఉంటే తప్ప, అక్కడి చట్టం ఒప్పుకోదు. గ్రీన్ కార్డు రావాలి. తుపాకీకి లేని వెయిటింగ్ లిస్టు గ్రీన్ కార్డుకు ఉంది కనుక, అక్కడి తెలుగువాళ్ళ వల్ల శాంతిభద్రతలకు వచ్చిన ముప్పేమీ లేదు.

ఇక మన విధానానికి వద్దాం. 1959 నాటి ఆయుధాల చట్టం, దాని కింద 2016లో వచ్చిన నియమావళి. విజయవాడలో అయితే లైసెన్సు ఇచ్చేది పోలీసు కమిషనర్, గుంటూరులో అయితే కలెక్టర్. మధ్యలో కృష్ణ మీద బ్యారేజీ దాటితే దణ్ణం పెట్టాల్సిన కుర్చీ మారుతుందన్నమాట. పోలీసు రిపోర్టు 30 రోజుల్లో రావాలని, అది అందాక 60 రోజుల్లో అవునో కాదో తేల్చాలని నియమావళిలో ఉంది. ఎంత ముందుచూపో గమనించండి. రిపోర్టు అందాకే 60 రోజులు. అందకపోతే లెక్క మొదలే కాదు. ఎవరూ ఆలస్యం చేసినట్టూ కాదు.

తెనాలి దగ్గర పల్లెలో నాకు బాబాయి వరసైన ఒకాయనకు పక్క చేను ఆసామితో గట్టు తగాదా వచ్చింది. జానెడు గట్టు. మాటా మాటా పెరిగి, "నాకు ప్రాణహాని ఉంది, తుపాకీ కావాల్సిందే" అని బాబాయి దరఖాస్తు పెట్టాడు. ఆ కాగితం పైనుంచి డీఎస్పీకి, సీఐకి, ఎస్సైకి మెట్టు మెట్టుగా దిగింది. కొన్ని నెలలకు కానిస్టేబుల్ గారు మోటార్ సైకిల్ మీద విచారణకు వచ్చారు. అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, మోకాలి మీద కాగితం పెట్టుకుని అడిగారు.

"మీకు ఎవరితోనైనా తగాదాలున్నాయా?"

"ఉన్నాయండీ, అందుకేగా తుపాకీ."

"తగాదాలున్నవాడికి తుపాకీ ఎలా ఇస్తారండీ?"

బాబాయి కాసేపు ఆలోచించి, "అయితే లేవండీ" అన్నాడు.

"లేకపోతే తుపాకీ ఎందుకు?"

చట్టంలోని లోతు బాబాయికి అప్పుడు తెలిసింది. అంతటితో ఆగలేదు. దరఖాస్తుదారు నడవడిక ఎలాంటిదో ఇరుగుపొరుగుని విచారించాలి కదా. పొరుగు అంటే ఎవరు? ఆ గట్టు ఆసామే! ఎవరి వల్ల ప్రాణహాని ఉందో ఆయనే, బాబాయి మంచివాడని చెప్పాలి. ఆ రాత్రి బాబాయి అరటి గెల పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాడు. వెళ్ళినవాడు భోజనం చేసి గానీ రాలేదు. మర్నాడు ఆసామి సాక్ష్యం చెప్పాడు: "మా బావగారు చీమకైనా హాని చేయడండీ." వాళ్ళు బావలెప్పుడయ్యారో ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఏ ఐక్యరాజ్య సమితీ చేయలేని పని ఒక పోలీసు విచారణ చేసింది. గట్టు మాత్రం జానెడు జరిగిన చోటే ఉంది.

ఇంకో నియమం గురించి చెప్పాలి. దరఖాస్తుదారు మానసికంగా, శారీరకంగా ఆరోగ్యంగా ఉన్నాడని డాక్టరు సర్టిఫికెట్ కావాలి. చాలా మంచి నియమం. కాకపోతే దాన్ని దరఖాస్తుతో పాటే తీసుకుంటారు. ఆఫీసుల చుట్టూ తిరగడం అయిపోయాక తీసుకుంటే, మన రాష్ట్రంలో ఒక్కరికి కూడా లైసెన్సు రాదని నా అంచనా. తుపాకీ సురక్షితంగా వాడటంలో శిక్షణ పొందినట్టు పత్రం కూడా ఉండాలి. చేతికి రాని తుపాకీని ఎలా పట్టుకోవాలో ముందే నేర్చుకుంటాం, ఎలా ఎదురుచూడాలో ఎవరూ నేర్పరు.

సరే, లైసెన్సు వచ్చిందనుకోండి. అప్పుడు డీలరు దగ్గరికి వెళ్ళాలి. కాన్పూర్ ఆయుధ కర్మాగారం 2014లో ఆడవాళ్ళ ఆత్మరక్షణకని నిర్భీక్ అనే రివాల్వర్ విడుదల చేసింది. బరువు అర కిలో, ధర అప్పట్లోనే లక్షా ఇరవై వేల పైమాట. కట్నం పోను ఆడపిల్ల భయం లేకుండా తిరగడానికి ఇంకో లక్షన్నర పక్కన పెట్టుకోవాలని తల్లిదండ్రులకు ప్రభుత్వం సున్నితంగా గుర్తు చేసిందన్నమాట. తూటాలకు లెక్క ఉంటుంది, కొన్నప్పుడల్లా పద్దు రాస్తారు. 2019 సవరణతో ఒక మనిషికి మూడు తుపాకులున్నది రెండయింది. లైసెన్సు గడువు మూడేళ్ళున్నది ఐదేళ్ళయింది. ఐదేళ్ళంటే మధ్యలో ఎలాగూ ఎన్నికలొస్తాయి.

ఎన్నికలొస్తే తుపాకీ తీసుకెళ్ళి స్టేషన్‌లో జమ చేయాలి. బ్యాంకు కాపలావాళ్ళలాంటి కొందరికి మినహాయింపు. 2024లో మార్చి 16న షెడ్యూలు వచ్చింది, మే 13న పోలింగ్, జూన్ 4న లెక్కింపు. మన వైపు మనిషికి నిజంగా టెన్షన్ పుట్టే రోజులు ఏడాది మొత్తంలో అవే. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆత్మరక్షణ ఆయుధం స్టేషన్ బీరువాలో క్షేమంగా ఉంటుంది. చివరికి తుపాకీ దక్కిన మా బాబాయి అయితే ఫలితాలొచ్చాక కూడా చాన్నాళ్ళు వెనక్కి తెచ్చుకోలేదు. ఇంట్లో ఉంటే మనవలు ముట్టుకుంటారని ఆయన భయం.

మనలో పరపతి ఉన్నవాళ్ళు తుపాకీ కొనరన్న సంగతి కూడా అమెరికా బృందానికి చెప్పాలి. వాళ్ళు గన్‌మెన్‌ని తెచ్చుకుంటారు. ఫారం లేదు, డాక్టరు సర్టిఫికెట్ లేదు, తూటాల పద్దు వాళ్ళకు తెలియనక్కర్లేదు. వన్ ప్లస్ వన్, టూ ప్లస్ టూ అని చీరల షాపు ఆఫర్‌లా వస్తారు. ఓడిపోయాక గన్‌మెన్‌ని తీసేస్తే మాత్రం ప్రాణహాని గుర్తొచ్చి హైకోర్టు దాకా వెళ్తారు.

మన విధానంలో లోపం ఒక్కటే. దొంగ తుపాకీకి వెయిటింగ్ లేదు. ఇరుగుపొరుగు సాక్ష్యం లేదు, 30 రోజులు లేవు, 60 రోజులు లేవు, డబ్బిస్తే చేతిలో పెడతారు. పోలీసులు పట్టుకుంటూనే ఉన్నారు గానీ నా సలహా వేరు. ఆ వ్యాపారాన్ని వెంటనే జాతీయం చేసి ఒక కార్పొరేషన్ పెట్టాలి. చైర్మన్ పదవి ఎవరికో ఒకరికి ఎలాగూ కావాలి. దొంగ తుపాకీ కావాల్సినవాడు రెండు పాస్‌పోర్టు ఫోటోలు, ఆధార్ జిరాక్సు, తాను దొంగేనని గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ జతచేసి మూడు ప్రతులలో దరఖాస్తు పెట్టుకోవాలి. ఆపైన సర్వర్ డౌన్.