మామిడి లోడు ఆపిన చెక్‌పోస్టు రేపు టమాటా లోడునీ ఆపుతుంది

వేరే రాష్ట్రాల తోతాపురి, అంటే గుజ్జు తీసే రకం మామిడి, ఆంధ్రాలోని చిత్తూరు జిల్లాలోకి రాకూడదని 2025 జూన్ 7న కలెక్టరేట్ నుంచి ఆర్డర్ వచ్చింది. రెవెన్యూ, పోలీస్, ఫారెస్ట్, మార్కెటింగ్ వాళ్ళని కలిపి టీములు వేసి కర్ణాటక బోర్డర్లో, తమిళనాడు బోర్డర్లో కాపలా పెట్టారు, కాయల లోడు కనిపిస్తే వెనక్కి తిప్పారు. కర్ణాటక కోలారు జిల్లా శ్రీనివాసపురలో బంద్ జరిగింది, కర్ణాటక ముఖ్యమంత్రిగా ఉన్న సిద్ధరామయ్య గారు ఆంధ్రా ముఖ్యమంత్రి చంద్రబాబు గారికి లెటర్ రాశారు, గొడవ రెండు రాష్ట్రాల చీఫ్ సెక్రటరీల లెవెల్‌కీ వెళ్ళింది, ఇదంతా మన పాఠకులకి తెలిసిందే కాబట్టి మళ్ళీ మొదట్నుంచి చెప్పం. బెంగళూరులో తెలుగు పేపర్ నడిపే మేం చెప్పేది ఒక్కటే, ఆ ఆర్డర్ తప్పు. సీజన్ అయిపోయాక కాదు, అప్పుడే తీసెయ్యాల్సింది.

ఆంధ్రా వైపు వాదన ఏంటో మాకు తెలుసు. 2025 సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం ఇంకో 4 కలిపి 12 చేస్తుంది, అలాంటప్పుడు పక్క రాష్ట్రం కాయ చవగ్గా వచ్చి పడితే ఫ్యాక్టరీ వాళ్ళు అదే కొంటారు, మా రైతు ట్రాక్టర్ గేటు బయటే ఉండిపోతుంది, మేం ఇచ్చే సబ్సిడీ కూడా వేరేవాళ్ళు ఎత్తుకుపోతారు అన్నారు. ఇందులో కొంత నిజం ఉంది. కానీ సబ్సిడీ తప్పుదారి పట్టకుండా చూడ్డానికి రైతు పాస్‌బుక్ ఉంది, ఆధార్ ఉంది, ఎవరు ఏ పంట వేశారో రాసే ఈ-క్రాప్ నమోదు ఉంది, కాయ కొనే ర్యాంపుల దగ్గర తూకం రసీదు ఉంది. డబ్బు ఎవరికి వెయ్యాలో చూసుకోడానికి ఇన్ని ఉన్నప్పుడు రోడ్డు మీద లారీ ఆపడం ఎందుకు?

అసలు ఏ రాష్ట్రం ఈ పని చేసిందో చూడండి, మాకు ఎక్కువ భయం వేసేది అక్కడే. దేశంలో పండ్ల ఉత్పత్తిలో మేమే ముందు అని ప్రతి ఏడూ చెప్పుకునే రాష్ట్రం ఇది. ఇన్ని లక్షల హెక్టార్లు, ఇన్ని లక్షల టన్నులు, ఇంత విలువ అని ప్రతి బడ్జెట్ టైంలో చదువుతారు, చదవాలి కూడా, ఆ రైతులు అంత కష్టపడ్డారు. కానీ ఆ టన్నులన్నీ ఎవరు తింటున్నారు? బంగినపల్లి ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీకి పోతుంది, అనంతపురం చీనీ (బత్తాయి) ఉత్తరాదికి పోతుంది, మదనపల్లె టమాటా సగం దేశానికి పోతుంది, తాడిపత్రి నుంచి అరటి 2020 జనవరిలో చల్లగా ఉంచే రీఫర్ కంటైనర్లలో ట్రైన్ ఎక్కి ముంబై జేఎన్‌పీటీ రేవుకి, అక్కడ్నుంచి షిప్పులో బయటి దేశాలకి పోయింది. అదే ఏడాది సెప్టెంబర్ 9న దక్షిణాదిలో మొదటి కిసాన్ రైల్ అనంతపురం నుంచి ఢిల్లీ ఆదర్శ్‌నగర్‌కి బయల్దేరింది, ఆ అక్టోబర్ నుంచి కిసాన్ రైల్ రవాణా ఛార్జీలో సగం సబ్సిడీ కూడా ఇచ్చారు. దారిలో ఎన్ని రాష్ట్రాలు దాటిందో లెక్కపెట్టండి. ఒక్క రాష్ట్రమైనా మా ఊళ్ళో రైతుకి రేటు పడిపోతుంది, మీ ట్రైన్ ఇక్కడ ఆపండి అందా?

పక్క రాష్ట్రం దాటితే తప్ప పంట అమ్ముడుపోని రాష్ట్రం తనే గేటు వేసింది. ఇంతకన్నా ప్రమాదమైన పని ఆంధ్రా రైతుకి ఇంకోటి లేదు.

చెన్నై కోయంబేడు మార్కెట్‌లో రోజూ తెల్లారకముందే దిగే టమాటాలో ఎంత భాగం ఆంధ్రా, కర్ణాటకలదో చెన్నైలో కూరగాయలు అమ్మే ఎవరినైనా అడగండి. బెంగళూరులో కలాసిపాళ్య, కేఆర్ మార్కెట్, సింగేన అగ్రహార పండ్ల మార్కెట్, ఏ మండీకి వెళ్ళినా ఏపీ నంబర్ ప్లేట్ బళ్ళు ఉంటాయి. చంద్రబాబు గారి సొంత నియోజకవర్గం కుప్పం మూడు రాష్ట్రాల మూలన ఉంది, అక్కడి రైతు కూరగాయలు, పూలు, పాలు అన్నీ బోర్డర్ దాటి బెంగళూరుకో కృష్ణగిరికో పోవాల్సిందే. రేపు కర్ణాటక ప్రభుత్వం కోలారు టమాటా రేటు పడిపోయింది కాబట్టి మదనపల్లె టమాటా బోర్డర్లోని నంగిలి దగ్గర ఆపేస్తాం అంటే ఏ మొహం పెట్టుకుని వద్దంటారు? తమిళనాడు కృష్ణగిరి రైతుల పేరు చెప్పి గుడిపాల దాటాక బళ్ళు ఆపితే ఎవరికి లెటర్ రాస్తారు? సిద్ధరామయ్య గారు తన లెటర్లో ఇదే అన్నారు, ఇలాంటివి ప్రతీకారానికి దారి తీస్తాయి, రెండు రాష్ట్రాల మధ్య కూరగాయల రవాణా కూడా దెబ్బతినొచ్చు అని. దాన్ని బెదిరింపు అని కొందరు అన్నారు. మాకు అది బెదిరింపులా కనిపించలేదు, జరగబోయేదే చెప్పినట్టు కనిపించింది.

ఇంకో విషయం. రాజ్యాంగంలో 301వ ఆర్టికల్ దేశమంతా వర్తక వాణిజ్యాలు స్వేచ్ఛగా ఉండాలని చెప్తుంది. రాష్ట్రాలు ప్రజాహితం కోసం కొన్ని ఆంక్షలు పెట్టుకోవచ్చని 304లో ఉంది, కానీ దానికి అసెంబ్లీలో చట్టం కావాలి, ఆ బిల్లుకి ముందే రాష్ట్రపతి అనుమతి కావాలి. ఇంత పెద్ద అడ్డు ఎందుకు పెట్టారంటే రాష్ట్రాలు ఒకదాని మీద ఒకటి గేట్లు వేసుకుంటూ పోతే దేశం అన్న మాటకి అర్థం ఉండదని. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు ట్యాక్స్ చెక్‌పోస్టులు ఎత్తేశాం, ఇక దేశమంతా ఒకటే మార్కెట్ అని చెప్పిన పార్టీల్లో ఇవాళ ఆంధ్రాలో అధికారంలో ఉన్నవీ ఉన్నాయి. ఎనిమిదేళ్ళు తిరిగేసరికి ఒక జిల్లా స్థాయి ఆర్డర్‌తో మామిడికాయ కోసం మళ్ళీ చెక్‌పోస్టు వచ్చింది. జిల్లా స్థాయిలో ఇది చెల్లుబాటైతే రేపు ఇంకో జిల్లాలో ఉల్లికి, ఇంకో చోట వడ్లకి, ఎవరికి తోచినట్టు వాళ్ళు ఆపుతారు. వడ్ల విషయంలో తెలంగాణ బోర్డర్లో పక్క రాష్ట్రాల లారీలు ఆపడం కొనుగోలు సీజన్లలో ఇప్పటికే చూశాం, అప్పుడు ఆంధ్రా రైతులు ఎంత గోల పెట్టారో కూడా చూశాం.

యూరోపియన్ యూనియన్ 2014 మే 1 నుంచి మన మామిడిని, ఇంకో నాలుగు కూరగాయల్ని ఆపినప్పుడు దేశమంతా మండిపడింది. వాళ్ళు కనీసం పండు ఈగ దొరికిందని ఒక కారణం చెప్పారు, మనవాళ్ళు ప్యాకింగ్ దగ్గర తనిఖీలు సరిచేశాక 2015లో మామిడి మీద నిషేధం ఎత్తేశారు కూడా. చిత్తూరు ఆర్డర్లో పురుగు మాట లేదు, మందుల అవశేషాల మాట లేదు. శ్రీనివాసపుర కాయకీ చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం కాయకీ తేడా ఏంటి? ఒకటే రకం, ఒకటే గాలి, ఒకటే వాన. తేడా అల్లా చెట్టు ఏ రాష్ట్రంలో ఉందన్నదే.

ఆ చెట్టు కింద ఉన్నది ఎవరో కూడా చెప్పాలి. శ్రీనివాసపుర, ముళబాగిలు, చింతామణి, బాగేపల్లి వైపు పల్లెల్లో ఇంట్లో మాట్లాడేది తెలుగే. వాళ్ళ పిల్లలు కన్నడ మీడియంలో చదువుతారు, బెంగళూరులో ఉద్యోగాలు చేస్తారు, పెళ్ళి సంబంధాలు పుంగనూరులోనో మదనపల్లెలోనో పలమనేరులోనో చూసుకుంటారు. మా పేపర్ చదివేవాళ్ళలో వాళ్ళు చాలామంది. ఒకే ఇంట్లో అన్నది తోట చిత్తూరు జిల్లాలో, తమ్ముడిది కోలారు జిల్లాలో ఉన్న కుటుంబాలు ఉన్నాయి. అన్న కాయకి 12 రూపాయలు, తమ్ముడి కాయకి పోలీసు. అందుకే ఈ వార్త మాకు పక్క రాష్ట్రం వార్త కాదు. తెలుగు రైతు ఏ రాష్ట్రంలో ఉన్నా తెలుగు రైతే అని ఎన్నికలప్పుడు బెంగళూరు వచ్చి మీటింగులు పెట్టే నాయకులు అప్పుడు ఒక్కరైనా నోరు తెరిచారా?

కర్ణాటక ప్రభుత్వాన్ని కూడా వదిలిపెట్టేది లేదు. శ్రీనివాసపుర అంటే మామిడి అని దేశంలో పండ్ల వ్యాపారం చేసే ప్రతివాడికీ తెలుసు. కర్ణాటకలో 1.39 లక్షల హెక్టార్లలో మామిడి ఉంది, 8 నుంచి 10 లక్షల టన్నులు పండుతుందని సిద్ధరామయ్య గారే 2025 జూన్‌లో కేంద్రానికి రాసిన లెటర్లో చెప్పారు. మరి ఇంత పంట పండే చోట తోతాపురి రైతు గుజ్జు తీయించుకోడానికి పక్క రాష్ట్రం ఫ్యాక్టరీల దారే ఎందుకు చూడాలి? ఏళ్ళ తరబడి మామిడి బోర్డు అన్నారు, ఫుడ్ పార్కులు అన్నారు, పార్టీలు మారాయి, ప్రకటనలు మారాయి, రైతు మాత్రం అదే ట్రాక్టర్ మీద అదే చిత్తూరు రోడ్డు పట్టుకుని పోతున్నాడు. ఆంధ్రాకి లెటర్ రాయడం కరెక్టే, దాంతో పాటు కోలారులో ఫ్యాక్టరీలు ఎందుకు పెరగలేదో కూడా జవాబు చెప్పాలి.

ఇక రేటు సంగతి. అదే లెటర్లో క్వింటాల్ 12,000 దాకా పలికిన మామిడి 3,000కి పడిపోయిందని, కర్ణాటక వ్యవసాయ ధరల కమిషన్ లెక్క ప్రకారం సాగు ఖర్చే 5,466 అని రాశారు. రేటు పడిపోయినప్పుడు రైతుని ఆదుకునే మార్కెట్ ఇంటర్వెన్షన్ స్కీం కింద కేంద్రం కర్ణాటక తోతాపురికి క్వింటాల్ 1,616 రూపాయలు లెక్కగట్టి రెండున్నర లక్షల టన్నుల వరకు తేడా డబ్బు ఇస్తామంది, అందులో సగం రాష్ట్రం పెట్టుకోవాలి. ఆంధ్రాలో 12 రూపాయలంటే క్వింటాల్ 1,200. ఈ అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి, బోర్డర్‌కి ఇటూ అటూ ఎక్కడా రైతుకి పెట్టుబడి రాలేదు. ముందు ఏడు తీసిన గుజ్జు డ్రమ్ముల్లో అలాగే నిల్వ ఉండిపోయింది, ఎక్స్‌పోర్ట్ ఆర్డర్లు తగ్గాయి, 2025లో కాపు విరగకాసింది, రేటు పడిపోడానికి కారణాలు ఇవి. మాజా, స్లైస్, ఫ్రూటీ లాంటి డ్రింకులకి పోయే గుజ్జు ఇది, గల్ఫ్ దేశాలకీ యూరప్‌కీ పోయే గుజ్జు ఇది, దాని రేటు నంగిలి చెక్‌పోస్టులో తేలదు. కోలారు లారీలు ఆపితే చిత్తూరులో గుజ్జు నిల్వలు ఒక్క డ్రమ్ము కూడా తగ్గవు. కొనేవాడికి కావాల్సిన కాయ కృష్ణగిరి ఫ్యాక్టరీల దగ్గర ఇంకా చవగ్గా దొరుకుతుంది, అక్కడ కొంటాడు. అప్పుడు చిత్తూరు రైతుకీ నష్టం, చిత్తూరు ఫ్యాక్టరీలో కూలికి పోయే ఆడవాళ్ళకీ నష్టం. జ్వరం వచ్చినవాణ్ణి వదిలేసి పక్కింటి తలుపుకి తాళం వేసినట్టుంది ఈ వైద్యం.

ఉత్పత్తి లెక్కల గురించి కూడా ఒక మాట అనాలి. కాయ కోత కూలి కూడా రాదని రైతు చెట్టు మీదే వదిలేసినా, రోడ్డు పక్కన పారబోసినా అంచనాల్లో ఆ కాయ ఉంటుంది. టన్నులు పెరిగాయి, విలువ పెరిగింది అని రాసే రిపోర్టులో పారబోసిన దానికి ఒక కాలమ్ ఉండదు, మండీలో తరుగు పేరుతో, సూటు పేరుతో తూకంలో కోసి తీసేసిన దానికి కాలమ్ ఉండదు, ఫ్యాక్టరీ గేటు బయట రెండు రోజులు టోకెన్ కోసం ఎండలో నిలబడి మెత్తబడిపోయిన లోడుకి కాలమ్ ఉండదు. 2025లో చెక్‌పోస్టు దగ్గర తిప్పి పంపిన లారీలకీ ఉండదు. మళ్ళీ వచ్చే బడ్జెట్‌లో మాత్రం పండ్లలో నంబర్ వన్ అని బల్లలు చరుస్తారు.

2023 జూలైలో టమాటా కిలో 200 దాకా వెళ్ళినప్పుడు గుర్తుందా? ఢిల్లీ వాళ్ళు గగ్గోలు పెట్టారు, కేంద్రం వెంటనే నాఫెడ్, ఎన్‌సీసీఎఫ్ అనే సహకార సంస్థల్ని పిలిచి ఆంధ్రా, కర్ణాటక, మహారాష్ట్రలో టమాటా కొని తెచ్చి సిటీల్లో తక్కువ రేటుకి అమ్మండి అంది. మదనపల్లె నుంచీ కోలారు నుంచీ రాత్రికి రాత్రి లారీలు కదిలాయి. అప్పుడు ఇది మా రాష్ట్రం పంట, బోర్డర్ దాటనివ్వం, ముందు మా జనం తినాలి అని ఏ కలెక్టరూ ఆర్డర్ ఇవ్వలేదు. రేటు ఎక్కువున్నప్పుడు దేశమంతా ఒకటే మార్కెట్, రేటు పడిపోయినప్పుడు మాత్రం ఎవడి జిల్లా వాడిదా? తినేవాడికి లేని బోర్డర్ పండించేవాడికి ఎక్కణ్ణుంచి వచ్చింది?

చంద్రబాబు గారూ, చిత్తూరు రైతుకి 12 రూపాయలు ఇవ్వండి, కుదిరితే 16 ఇవ్వండి, మేం మెచ్చుకుంటాం. ఇవ్వాల్సిన రేటు ఇవ్వకుండా సాగదీసే ఫ్యాక్టరీలు ఏవైనా ఉంటే వాటి మీద పెట్టండి ఆ రెవెన్యూ టీముల్నీ పోలీసుల్నీ, వాళ్ళకి పని అక్కడ ఉంది. కుప్పం నుంచి ఏడుసార్లకి పైగా గెలిచిన మనిషికి బోర్డర్ పల్లెల బతుకు బెంగళూరులో కూర్చున్న మేం చెప్పాలా? తోతాపురి కాయ జూలై దాటితే ఉండదు, ఆర్డర్ వచ్చిన ఆ జూన్‌లోనే శ్రీనివాసపుర తోటల్లో కాయ రాలింది. కలెక్టరేట్‌లో టైప్ చేసిన ఒక కాగితాన్ని వెనక్కి తీసుకోడానికి కేబినెట్ మీటింగ్ అక్కర్లేదు, ఢిల్లీ పెద్దల పంచాయితీ అక్కర్లేదు, ఇంకో లెటర్ కూడా అక్కర్లేదు. ఒక్క ఫోన్ చాలు. ఆ ఫోన్ వెంటనే ఎందుకు చెయ్యలేదో కోలారు రైతుకి కాకపోయినా, రేపు టమాటా లోడుతో నంగిలి దగ్గర నిలబడబోయే మీ మదనపల్లె రైతుకైనా జవాబు చెప్పండి.