గిర్వికి పనికిరాని నగ

హనుమకొండలో ఈ మధ్య ఒక సంఘ వ్యతిరేక కార్యకలాపం బహిరంగంగా నడుస్తోంది. పోలీసులు పట్టించుకోవడం లేదు. పత్రికలు పట్టించుకున్నా మహిళల పేజీలో వేసి ‘అభినందనీయం’ అని ముగిస్తున్నాయి. చదువుకున్న ఆడపిల్లలు ఇళ్లలో కూర్చుని నగల కోసం పాలిమర్ క్లే అనే రంగురంగుల ముద్దలు పిసుకుతున్నారు. పూసలు చుడుతున్నారు. వాటి మధ్య తాతల లాల్చీ గుండీలు, ఆగిపోయిన గడియారాల పళ్ల చక్రాలు, చిల్లి కాణీలు గుచ్చుతున్నారు. ఆ తరువాత వాటిని మెడలో వేసుకుని, ఏ మాత్రం సంకోచం లేకుండా, పట్టపగలు చౌరస్తాకు వస్తున్నారు.

ఇందులో తప్పేముందని అడిగే అమాయకులు ఉంటారు. వాళ్ల కోసమే ఈ వ్యాసం.

ముందు నగ ఎందుకుందో తేల్చుకోవాలి. అందానికి పూలున్నాయి. బతుకమ్మ తొమ్మిది రోజులూ తంగేడు, గునుగు కావలసినంత దొరుకుతాయి. నగ పని తూగడం. ఎంగిలిపూల నాడు వేయి స్తంభాల గుడి దగ్గర నిలబడి చూడండి. ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ చుట్టూ తిరుగుతుంటారు. పాట నోరు చూసుకుంటుంది, లెక్క కళ్లు చూసుకుంటాయి. ఒక్క చుట్టు పూర్తయ్యేలోపు ఎవరి మెడలో ఎన్ని తులాలున్నాయో, కిందటేడు కనిపించిన చంద్రహారం ఈ ఏడు ఎందుకు రాలేదో, అది ఏ సేటు దగ్గర గిర్వికి ఉందో తేలిపోతుంది. ఇంత కచ్చితమైన ఆర్థిక సర్వే ఢిల్లీలో కూడా జరగదు. అలాంటి చోటికి ఒక పిల్ల నీలిరంగు పూసల దండ వేసుకుని వచ్చింది.

“గిదేందే, కొత్తగున్నది? ఎన్ని తులాలు?”

“తులాలు లేవు చిన్నమ్మా. నేనే చేసిన.”

చిన్నమ్మ ఒక చప్పట్టు తప్పింది. ఆమె ఎడమ పక్కావిడా తప్పింది. వలయంలో సగం దాకా తాళం చెడింది. తూకం లేని నగ సమాజంలోకి వస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

దెబ్బ తినే వ్యవస్థలు ఎన్నో. బంగారం కుదువ పెట్టుకుని అప్పిచ్చే కంపెనీలు మన ఊళ్లలో సందుకొకటి వెలిశాయి. బంగారం విలువలో 75 శాతం దాకా అప్పు ఇవ్వవచ్చని రిజర్వు బ్యాంకు ఎన్నో ఏళ్లు పరిమితి పెట్టింది. 2025లో చిన్న అప్పులకు దాన్ని 85 దాకా సడలించింది. దేశపు పెద్ద బ్యాంకే మీ మెడ గురించి ఇంత ఆలోచిస్తుంటే, మీరు ఒక్క పైసా అప్పు పుట్టని దండ వేసుకుని తిరగడం ఏం మర్యాద? పిల్లవాడి ఇంజినీరింగు ఫీజుకు, పత్తి విత్తనాలకు, బోరు ఎండితే ఇంకో బోరుకు ఏ పూస పనికొస్తుంది? గొలుసు దొంగల మాటా చెప్పాలి. వాళ్లూ కష్టజీవులే. పెట్రోలు పోసుకుని, హెల్మెట్ పెట్టుకుని, నక్కలగుట్ట సందుల్లో గంటలకొద్దీ కాపు కాసి, చివరికి తెంపుకుపోయిన గొలుసులో కుట్టుమిషను బాబిన్ ఒకటి వేలాడుతుంటే ఆ మనిషి ఎవరికి చెప్పుకోవాలి?

పైగా ఈ పూసలు చేసే పదార్థం పేరులోనే మోసం ఉంది. మట్టి, మట్టి అంటారు. చెరువు మట్టి కాదు, కుమ్మరి మట్టీ కాదు. పాలిమర్ క్లే అనేది పీవీసీ అనే ప్లాస్టిక్ పొడిలో దాన్ని మెత్తబరిచే ప్లాస్టిసైజరు, రంగు కలిపి చేసిన ముద్ద. అంటే మన బోరుబావుల్లో దిగిన పైపులకు దగ్గరి చుట్టం. పుట్టిల్లు జర్మనీ. బొమ్మల తయారీలో పేరుమోసిన కేతె క్రూసె కూతురు సోఫీ ఇలాంటి ముద్దతో పని చేసింది. అదే తరువాత ఫిమో పేరుతో బజారుకు వచ్చింది. అలా బొమ్మల ఇంట పుట్టిన వస్తువు ఇవాళ కాజీపేట క్వార్టర్లలో కమ్మలవుతోంది.

దీన్ని కాల్చడానికి ఆవం అక్కర్లేదు. కేకుల కోసం కొన్న ఓటీజీ, అదే కరెంటు ఓవెన్, చాలు. కంపెనీని బట్టి 110 నుంచి 130 డిగ్రీల వేడి, అరగంట అటూ ఇటూ. అంతకన్నా బాగా ఎక్కువైతే మాడిపోయి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వదులుతుంది. కిటికీలు తెరవాల్సిందే, ఇంట్లోవాళ్లు బయటకు రావాల్సిందే. పూసలు కాల్చే ఓవెన్‌ను వంటకు వాడొద్దని జాగ్రత్త గల పిల్లలు పక్కన పెట్టేస్తారు. కాబట్టి ఏ ఇంట్లో ఈ కళ ప్రవేశిస్తుందో ఆ ఇంట్లో కేకు నిష్క్రమిస్తుంది. భర్తలు ఈ త్యాగాన్ని ఎక్కడా నమోదు చేసుకోలేకపోతున్నారు.

పనితనం గురించి నేను మాట్లాడకూడదు, మాట్లాడితే మెచ్చుకున్నట్టవుతుంది. అయినా ఒకటి చెప్పి తీరాలి. ఎర్ర ముద్ద, పసుపు ముద్ద, ఆకుపచ్చ ముద్ద పొరలు పొరలుగా పేర్చి, నొక్కి, కడ్డీలాగా చేస్తారు. దాని నిలువునా ఒక పువ్వు దాగి ఉంటుంది. మెల్లగా దొర్లిస్తూ లాగితే కడ్డీ సన్నబడుతుంది, లోపలి పువ్వు చిన్నదవుతుంది గానీ ఒక్క రేకు కూడా ఊడదు. బ్లేడుతో కోస్తే ప్రతి బిళ్లలో అదే పువ్వు. గాజుతో ఈ విద్య ఇటలీ వాళ్లు ఎప్పుడో చేశారు, మిల్లెఫియోరి అంటారు. మా ఇంటి పిల్ల దీన్ని చపాతీ కర్రతో చేస్తుంది.

ఇక సాక్ష్యం సంగతి. బంగారు నగకు హాల్‌మార్కు ఉంటుంది, దాని మీద అక్షరాలూ అంకెలూ కలిసి ఆరు గుర్తుల హెచ్‌యూఐడీ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది. 2023 ఏప్రిల్ నుంచి అది లేకుండా హాల్‌మార్కు నగలు అమ్మకూడదు. భూతద్దం ఉంటే తప్ప మామూలు కళ్లకు ఆనదు. ఈ పూసల మీద మాత్రం, కాల్చే ముందు సరిగ్గా నునుపు చేయకపోతే, చేసిన మనిషి బొటనవేలి ముద్ర భేషుగ్గా కనిపిస్తుంది. నేరం చేసినవాళ్లే వేలిముద్రలు వదిలి వెళుతున్నా కేసు ఎందుకు నమోదు కావడం లేదో నాకు అర్థం కావడం లేదు.

రెండో ఆరోపణ ఇంకా తీవ్రమైనది. పాత సామాను దోపిడీ.

నిన్నటిదాకా ఇంట్లో పాత వస్తువుకు ఒక గౌరవప్రదమైన మార్గం ఉండేది. సందుగలోంచి సజ్జ మీదికి, సజ్జ మీంచి పాత ఇనుప సామాన్ల బండి మీదికి. పాత పట్టుచీర అయితే జరీలో వెండి ఎంతుందో చూసి కొనుక్కుపోయేవాడు వస్తాడు. నేత, రంగు, కట్టుకున్న మనిషి ఆయన లెక్కలోకి రావు. ఇప్పుడు ఆ బండికీ ఈ పట్టుచీరలాయనకూ పోటీగా సొంత మనవరాళ్లు దిగారు. తాత పెళ్లినాటి హెచ్ఎంటీ గడియారం కనబడకపోతే వెతకండి, దాని డయల్ ఎవరి మెడలోనో లాకెట్ అయి ఉంటుంది. 1934లో మొదలైన వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు మూతబడ్డాక ఎన్నో ఇళ్లలో అటకెక్కిన సామాను ఉంది. దానికీ ఇప్పుడు రక్షణ లేదు. బ్రిటిష్ సర్కారు యుద్ధకాలంలో లోహం మిగులుతుందని 1943 నుంచి 1947 దాకా నడుమ బొక్క పెట్టి కొట్టించిన కాణీ గుర్తుందా? చిల్లి కాణీకి కూడా కొరగావని తిట్టించుకున్న తరం మాది. ఆ కాణీ ఇవాళ నాలుగు పూసల మధ్య కూర్చుని నాలుగు వందల యాభై పలుకుతోంది. తిట్టు తిన్నవాళ్ల ధర మాత్రం పెరగలేదు.

పాతదానికీ వింటేజ్‌కూ తేడా ఏమిటని నేను చాలామందిని అడిగాను. చివరికి నాకు నేనే ఒక సూత్రం కట్టుకున్నాను. మన అమ్మమ్మ గుండీ పాతది. ఎవరి అమ్మమ్మదో తెలియని గుండీ వింటేజ్. వస్తువు ఎంత దూరం నుంచి వస్తే అంత విలువ. గుండీ అసలు యజమానురాలు ఆ పక్కనే మంచంలో కూర్చుని ఉంటుంది. ఆమె ఆ గుండీ ఏ రవికెదో, ఆ రవికె ఏ జాతరకు కుట్టించిందో చెప్పబోతుంది. పిల్లలకు టైము లేదు, ఫోటో తీసి కింద ‘దీని వెనుక ఒక కథ ఉంది’ అని రాయాలి.

చరిత్ర తమ పక్షాన ఉందని ఈ పూసలవాళ్లు వాదిస్తారు. రామప్ప గుడికి పోయి మదనికలను చూడమంటారు. చూశాను. 1213 నాటి శాసనమున్న గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన గుడి. నల్లరాతి సుందరీమణుల మెడల్లో హారాలు, చేతులకు కడియాలు, నడుముకు వడ్డాణాలు, ఎనిమిది వందల ఏళ్లుగా ఉన్నాయి. ఒక్క గ్రాము బంగారం లేదు. ఒక్కటీ తాకట్టుకు పోలేదు. మరి మేడారం సంగతేమంటారని రెండో ప్రశ్న వేస్తారు. అక్కడ అమ్మవార్లకు ఇచ్చే బంగారం బెల్లమే. మొక్కుకున్న మనిషిని తరాజులో కూర్చోబెట్టి నిలువెత్తు బంగారం తూచి ఇస్తారు. బీదా బిక్కీ కూడా తన బరువంత బంగారం ఇవ్వగలిగిన చోటు ఇంకోటి లేదు. వాదన బలంగానే ఉంది. కానీ అమ్మవార్లు బెల్లంతో తృప్తి పడతారు, వియ్యంకులు పడరు. 2025 ఏప్రిల్‌లో పది గ్రాములు లక్ష దాటిన రోజున కూడా మా చుట్టాల్లో ఒక సంబంధం అయిదు తులాల దగ్గరే ఆగింది. అన్నట్టు, పాత తులం 11.66 గ్రాములు. ఇప్పుడు పదికే తులం అంటున్నాం. ధర పెరిగింది, తులం తరిగింది, వియ్యంకులు మాత్రం అయిదు దగ్గరే గట్టిగా నిలబడ్డారు.

ఇదంతా ఊరికే రాయడం లేదు, విచారణ జరిపాను. వరసకు నాకు కూతురయ్యే పిల్ల ఒకతి చేతిపనుల ప్రదర్శనలో బల్ల పెట్టింది. వెనకాల కుర్చీలో కూర్చుని సాయంత్రం దాకా చూశాను. ఒకావిడ వచ్చి కమ్మల జత ఎత్తి పట్టుకుంది.

“గివి ఎంతమ్మా?”

“రెండు వందల యాభై అక్కా.”

“మట్టే గదా?”

“మట్టి కాదక్కా, పాలిమర్ క్లే.”

“అంటే?”

“ప్లాస్టికే అక్కా.”

“ప్లాస్టిక్‌కు రెండు వందల యాభయ్యా! నూరు రూపాయలకిస్తవా?”

నిజాయతీ వ్యాపారానికి ఎంత చేటో అక్కడ అర్థమైంది. ఆ కమ్మల్లో ఒక్కోదానికి రెండు రంగులు కలపడం, పరచడం, కోయడం, కాల్చడం, ఇసుక కాగితంతో రుద్దడం, కొక్కెం బిగించడం ఉన్నాయి. ఆ పనులేవీ బేరంలో ఎవరి నోటా రాలేదు. బేరమంతా ముద్ద ధర మీదే. ఇదే అక్క వారం కింద బంగారు దుకాణంలో గాజులు తీసుకుంది, ఆ ముచ్చట తనే చెప్పింది. గాజులు అచ్చుమిషను మీద వచ్చినవే. తరుగు పద్దెనిమిది శాతం వేశారు. ఆ తరిగిన బంగారం ఎక్కడికి పోయిందని ఆమె అడగలేదు. పైన మూడు శాతం జీఎస్టీ కట్టింది. వాళ్లు చల్లని కూల్‌డ్రింక్ ఇచ్చారు, జిప్పున్న చిన్న పర్సు, కొత్త సంవత్సరం క్యాలెండరు ఇచ్చారు. చాలా మర్యాదస్తులని మెచ్చుకుంది. మిషను చేసిన పనికి మజూరీ, మనిషి చేసిన పనికి బేరం. ఇది మనకు తరతరాలుగా వస్తున్న సంప్రదాయం, దీన్ని కాపాడుకోవాలి. కరీంనగర్‌లో వెండితీగను వెంట్రుకంత సన్నగా లాగి అల్లేవాళ్లను అడగండి, పెంబర్తి ఇత్తడి రేకు మీద సుత్తితో చుక్క చుక్కా కొట్టేవాళ్లను అడగండి, ఈ సంప్రదాయం ఎంత బలంగా ఉందో చెబుతారు.

జనం పలచబడ్డాక పిల్లకు పెద్దవాడిగా నాలుగు మాటలు చెబుదామని బల్ల దగ్గరికి జరిగాను.

“తరుగు ఎంత వేస్తున్నవ్ బిడ్డా?”

“తరుగెక్కడిది పెద్దబాపూ? కోయంగ మిగిలిన తుంటలన్నీ కలిపి పిసికి పూస లోపట పెడ్త. పైన మంచి రంగు పొర ఏస్త. ఇంత గూడ పోదు.”

“మరి మజూరీ?”

“గదే ఎవ్వరిస్తలేరు.”

వ్యాపారం తెలియని పిల్ల. ముందు ఒక తరాజు కొని బల్ల మీద పెట్టమన్నాను, తూచినా తూచకపోయినా సరే, జనానికి ధైర్యంగా ఉంటుంది. ప్లాస్టిక్ అన్న మాట చచ్చినా నోట రానీయొద్దన్నాను. చిల్లి కాణీ దండను అద్దాల డబ్బాలో పెట్టి తాళం వేయమన్నాను. తరుగు లేకపోయినా బిల్లులో పద్దెనిమిది శాతం రాయమన్నాను, లేకుంటే నమ్మరు. అన్నింటికీ తల ఊపింది. వచ్చినవాళ్లకు ముందు చల్లగా ఒక కూల్‌డ్రింక్ ఇస్తే సగం బేరం అక్కడే తెగుతుందని కూడా చెప్పాను.

“కూల్‌డ్రింక్ ఇరవై రూపాయలు పెద్దబాపూ,” అంది పిన్నులు డబ్బాలో సర్దుకుంటూ. “నూరుకు ఇచ్చిన జత మీద నాకు మిగిలేది గంతే.”