కింగ్ స్నేక్ వేరు, రాచనాగు వేరు

కింగ్ స్నేక్ అనే అమెరికా పాము మీద మీరు వేసిన వ్యాసం మంచిగుంది గానీ, అందుల దాన్ని ‘రాచనాగు’ అని రాసిండ్రు. దయచేసి దిద్దండి. రాచనాగు అంటే కింగ్ కోబ్రా, మహా విషం. కింగ్ స్నేక్‌కు విషమే లేదు. రెండూ తోటి పాములను తింటయి, అంతే పోలిక.

కింగ్ స్నేక్ బలమంతా పట్టులనే ఉంది. స్ప్రింగు తీరు వరుసగా చుట్టుకొని బిగిస్తది, తనకన్నా పొడుగు పామును సుత మింగగలదు. ర్యాటిల్ స్నేక్ (తోక గలగలలాడించే అమెరికా విషపాము) కాటేసినా ఆ విషం దీనికి పెద్దగా ఎక్కదు. అందుకే కింగ్ స్నేక్ వాసన తగిలితే ర్యాటిల్ స్నేక్ కాటుకు లేవదు. తల నేలకు ఆనిచ్చి, నడుమును విల్లు లెక్క పైకెత్తి దాంతోని కొడుతది! నాకు అన్నిటికన్న ఇదే అబ్బురం. కోరల్ స్నేక్ అనే ఇంకో విషపాము విషాన్ని మాత్రం కింగ్ స్నేక్ అంతగా తట్టుకోలేదు.

మా నర్సంపేట దిక్కు పాములను తినే పాము అంటే కట్లపాము. రాత్రి తిరుగుతది, అసలు భయపడాల్సింది దానికే. మావోళ్లేమో వరికోతలప్పుడు ఎలుకలను తినే, విషం లేని జెర్రిపోతును నాగుపామనుకొని కొట్టి చంపుతరు. మొన్న మా పొలం గట్టు మీద గట్లనే ఒకటి పోయింది. నేను ఉరికి పోయేసరికే అయిపోయింది.