మైకు పట్టని వరాలు

ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో ఆదివారం ఆరాధన ముగిసేసరికి గుమ్మం దగ్గర ముగ్గురు నలుగురు ఒకామె కోసం కాచుకుని ఉంటారు. ఆమె పాటలు పాడదు, ప్రసంగం చేయదు. బతుకుతెరువు ఇడ్లీల దుకాణం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా నేర్చుకుంది. కొండ ఊళ్ల గిరిజనుల భాష సవర మాత్రం సంతలో బేరాలాడుతూ వంటబట్టింది. కొండ ఊళ్ల నుంచి వచ్చే విశ్వాసులు తమ ఆస్పత్రి చీటీలు ఆమె చేతిలో పెడతారు. మొన్న ఒక అవ్వకు మందులు వివరిస్తుంటే పక్కనే నిలబడి చూశాను. పొద్దుటి మాత్రల అట్టకు పసుపు దారం కట్టింది, రాత్రి మాత్రలకు నల్ల దారం. ఏది ఎప్పుడో అవ్వ నోటితోనే రెండుసార్లు చెప్పించుకుని గాని వదల్లేదు.

మా క్రైస్తవ సంఘం వార్షిక నివేదికలో గాయక బృందం ఉంది, ప్రసంగీకులున్నారు, కానుకలిచ్చినవారి పేర్లున్నాయి. ఆమె ఊసే లేదు.

ఇది నన్ను బాధిస్తోంది. ‘కృపావరం’ అంటే సేవ కోసం దేవుడిచ్చే సామర్థ్యం. ఆ మాట అనగానే మనకు వేదిక, మైకు తప్ప మరేమీ తోచడం లేదు. తొలి సంఘాలకు పత్రికలు రాసిన అపొస్తలుడు పౌలు దృష్టి అంత ఇరుకు కాదు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయంలో అపొస్తలులు, ప్రవక్తలు, బోధకులు ఉన్న వరుసలోనే ఉపకారాలు చేసేవారు, ‘ప్రభుత్వములు’ చేసేవారు కూడా ఉన్నారు. ఆ చివరి మాట మన చెవికి అధికారంలా వినిపిస్తుంది గానీ, గ్రీకులో అది చుక్కాని పట్టి ఓడ నడిపేవాడి పనికి సంబంధించిన మాట. సంఘం లెక్కలు రాసేవారు, పింఛను దరఖాస్తులు నింపిపెట్టేవారు ఆ వరుసలోని వారే.

సరిహద్దు సంఘాలకు ఇది మరీ ముఖ్యం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయింది. తెలుగు కుటుంబాలు ఉన్నచోటే ఉండిపోయాయి. ఇక్కడ పక్కవాడి భాష నేర్చుకోవడం ఎంత పెద్ద సేవో గిడుగు రామమూర్తి ఏనాడో చూపించారు. ఈ ఊళ్లో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర నేర్చుకుని, ఆ భాషకు వాచకాలు, నిఘంటువు తయారుచేశారు. ఆయన పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. ఆయన సవర కృషిని మాత్రం అంతగా తలచుకోం.

‘ఇష్టపడి చేసే సేవకు పదవి ఎందుకు?’ అని అడిగే సంఘ పెద్దలున్నారు. బైబిల్లో అపొస్తలుల కార్యముల 6వ అధ్యాయం చూడండి. అక్కడి తగవుకు మూలం కూడా భాషే. రోజువారీ పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు అన్యాయం జరుగుతోందని సణుగుడు మొదలైంది. ఆ పంపకం చూసుకోవడానికి ఎన్నికైన ఏడుగురివీ గ్రీకు పేర్లే. ‘కాస్త ఓపికగా వడ్డించండి’ అని అపొస్తలులు వాళ్లకు చెప్పి పంపేయలేదు. అందరి ముందు నిలబెట్టి, ప్రార్థించి, తలమీద చేతులుంచారు. బాధ్యతతో పాటు గుర్తింపూ ఇచ్చారు. మనమేమో స్త్రీల చేత చాకిరీ చేయించుకుని, నిర్ణయాల దగ్గరకు వచ్చేసరికి తలుపు వేస్తున్నాం.

ఈమెలాంటి వాళ్లను కొండ ఊళ్లకు పంపేటప్పుడు బస్సు ఛార్జీలు సంఘమే ఇవ్వాలి. ఆదివార బడిలో పిల్లలకు సవర, ఒడియా మాటలు ఆమె చేత చెప్పించాలి. వచ్చే సర్వసభ్య సమావేశంలో సంఘ కమిటీకి నేను ఆమె పేరు ప్రతిపాదిస్తాను. బలపరచడానికి ఇంకొకరు కావాలి.