చివరి ఐదు కేజీల కోసం మనుషుల్ని కాల్చుకు తినకండి

76 కేజీల నుంచి 65కి వచ్చాను. 60కి రావాలని మొదలుపెట్టాను, రాలేదు. నెలల తరబడి మిషన్ 65 దగ్గరే ఉంది. ఒకరోజు 64 చిల్లర చూపిస్తుంది, ఇంకోరోజు 66. దీనికి నన్నెవరూ ఓదార్చక్కర్లేదు. జీలకర్ర నీళ్ళ దగ్గర్నుంచి సబ్జా గింజల దాకా నాకు తెలియని చిట్కా కూడా లేదు. నేను చెప్పదలుచుకున్నది వేరే. పదకొండు కేజీలు తగ్గి, తగ్గినదాన్ని మళ్ళీ పెరగకుండా పట్టుకున్న మనిషిని మనవాళ్ళు ఓడిపోయినవాళ్ళ కింద జమకడుతున్నారు. అది నాకు చాలా అన్యాయంగా అనిపిస్తోంది. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

మాది విజయవాడ, మొగల్రాజపురం. వయసు 47, ఎత్తు 160 సెంటీమీటర్లు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుర్చీలో కూర్చునే ఉద్యోగం. అమ్మకు షుగర్, పెద్దమ్మకు షుగర్, అన్నయ్యకు నలభై దాటగానే వచ్చేసింది. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో నాకు 6.3 వచ్చినప్పుడు డాక్టరు గారు "6.5 అయితే షుగరే అంటామమ్మా, ఇక నీ ఇష్టం" అన్నారు. అప్పుడు పట్టుదల వచ్చింది. తెల్లవారుతూనే సిద్ధార్థ కాలేజీ వైపు నడక, మధ్యాహ్నం అన్నం సగానికి సగం, సాయంత్రం బజ్జీలూ పునుగులూ బంద్. ఇప్పుడు రిపోర్టులో 5.6 ఉంది. నడుము 97 సెంటీమీటర్ల నుంచి 85కి వచ్చింది. కూరగాయల సంచులు పట్టుకుని మూడో అంతస్తు ఎక్కినా తలుపు తాళం తీసేటప్పుడు ఆయాసం లేదు. కింద కూర్చుని లేస్తే మోకాళ్ళు పట్టేయడం లేదు. ఇవేవీ ఎవరూ అడగరు. అడిగేది ఒక్కటే, "ఇంకా ఎంత తగ్గాలి?"

మొన్నామధ్య మా పిన్ని మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి గుంటూరు వెళ్ళాను. భోజనాల దగ్గర పిన్ని నా గడ్డం పట్టుకుని "ఏంటమ్మా, మొహం ఇలా పీక్కుపోయింది, షుగర్ గానీ వచ్చిందా?" అంది. నా వెనకే ప్లేటు పట్టుకుని నిలబడ్డ వదిన "అదేం కాదు అత్తయ్యా, సంక్రాంతికి ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది, మధ్యలో వదిలేసినట్టుంది" అంది. ఇద్దరికీ నా మీద ప్రేమే, అందులో నాకు అనుమానం లేదు. కానీ వదిన మాటకు మాత్రం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎందుకంటే నేను ఏదీ వదిలెయ్యలేదు. అదే నడక, అదే తిండి. అప్పుడు వాటితోనే తగ్గాను, ఇప్పుడు వాటితోనే తగ్గడం లేదు. ఇది ఎందుకు జరుగుతుందో తెలిసినవాళ్ళు ఆ మాట అనలేరు. అందుకని తెలియాలి.

ఒంట్లో కేజీ తగ్గితే రోజుకు ఖర్చయ్యే శక్తి 20 నుంచి 30 కేలరీలు పడిపోతుంది. మోయాల్సిన ఒళ్ళు తగ్గింది కదా మరి. పదకొండు కేజీలకు లెక్కేసుకుంటే మూడు వందల దరిదాపుల్లో, అంటే ఓ కప్పు అన్నం, దాని మీద పప్పు. మొదట్లో ఏ తిండికి దిగి నేను బరువు తగ్గానో, ఆ తిండే ఇప్పుడు నా ఒంటికి సరిగ్గా సరిపోతోంది. ఇది ఒక సగం. రెండో సగం ఆకలి. అమెరికాలో కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త బృందం 2016లో కట్టిన లెక్క ప్రకారం, తగ్గిన ప్రతి కేజీకి ఆకలి రోజుకు సుమారు 100 కేలరీల మేర పెరుగుతుంది. ఖర్చు తగ్గినదానికి మూడు రెట్లకు పైనే! సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ బెంజి సర్కిల్ దగ్గర దిగితే, పునుగుల బండి మీద మూకుట్లో నూనె మరిగే వాసనకే నాకు కడుపులో మెలిపెట్టినట్టు అవుతుంది. 76 కేజీలున్నప్పుడు ఎన్నడూ అలా లేదు. అది తిండి యావ అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

దీన్ని నడిపించే వాటిలో లెప్టిన్ అనే హార్మోన్ ఒకటి. 1994లో కనిపెట్టారు. అది కొవ్వు కణాల్లోంచి వస్తుంది. కొవ్వు కరిగేకొద్దీ అదీ తగ్గుతుంది, అది తగ్గితే మెదడుకు కరువొచ్చినట్టే లెక్క. ఆస్ట్రేలియాలో చేసిన ఒక అధ్యయనం 2011లో వచ్చింది. పది వారాలు కఠినంగా డైట్ చేసి బరువు తగ్గినవాళ్ళను ఏడాది తర్వాత మళ్ళీ పరీక్షించారు. అప్పటికీ వాళ్ళ ఆకలి హార్మోన్లు పాత స్థాయికి రాలేదు. ఏడాది తర్వాత కూడా! మన దగ్గర ఒక నెల బరువు కదలకపోతే చాలు, మనిషికి సంకల్పం లేదని తీర్పు చెప్పేస్తారు.

రోజూ పొద్దున్నే మిషన్ ఎక్కి ఏడ్చేవాళ్ళ గురించి ఒక మాట. ఎండాకాలంలో మా ఇంట్లో ఆవకాయ పెట్టాం. ముక్కలు జాడీకి ఎత్తాక, బేసిన్‌కి అంటుకున్న ఆవపిండి, కారం, నూనెలో మా అత్తగారు పొగలు కక్కే అన్నం కుమ్మరించి, నెయ్యి పోసి కలిపి తలా ఒక ముద్ద చేతిలో పెట్టారు. ఏటా ఉన్నదే. పెదాలు మండుతుంటే ఊదుకుంటూ అందరం వంటింట్లో నిలబడే తిన్నాం. అడిగి ఇంకో ముద్ద కూడా పెట్టించుకున్నాను. మర్నాడు మిషన్ కేజీకి పైగా ఎక్కువ చూపించింది. కేజీ కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. రెండు ముద్దల ఆవకాయ అన్నంతో ఒక్క రాత్రిలో అంత కొవ్వు పట్టదు. ఆ పెరిగింది నీరు, ఉప్పు పట్టి ఉంచిన నీరు. దానికి తోడు అన్నం ఎక్కువ తిన్న రోజున కండరాల్లో గ్లైకోజెన్, అంటే ఒంట్లో నిల్వ ఉండే చక్కెర, నిండుతుంది, దాని ఒక్కో గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీరు చేరుతుంది. నెలసరి ముందు చాలామందికి ఇది ఇంకా ఎక్కువ. రెండు మూడు రోజుల్లో దానంతటది పోతుంది, నాకూ పోయింది. మా అపార్ట్‌మెంట్లో నాతో నడిచే ఒక అక్క ఉంది. ఆవిడ మాత్రం ఇలాంటి రోజున భోజనం మానేసి మజ్జిగ మీద పడుకుంటుంది, మూడో రోజు కళ్ళు తిరిగి గోడ పట్టుకుంటుంది. గోంగూర, మాగాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు లేనిదే ముద్ద దిగని జిల్లాలు మనవి. ఇక్కడ మిషన్ మీద అరకేజీ చూసి మనిషిని మెచ్చుకోవడమూ తప్పే, తిట్టడమూ తప్పే.

డైట్ల విషయంలో మా విజయవాడ తీరే వేరు. కృష్ణ ఒడ్డున మంతెన సత్యనారాయణ రాజు గారి ఆశ్రమం ఉంది. ఆయన ఉప్పు, నూనె లేకుండా వండుకోమంటారు. ఇదే ఊళ్ళో వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ ఇంటింటికీ పాకింది. ఆయన అన్నం, పిండిపదార్థాలు మానేసి రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు తీసుకోమంటారు. ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. మా వీధిలోనే ఒక ఇంట్లో కూరకు తాలింపు ఉండేది కాదు, ఎదురింట్లో కొబ్బరినూనె గ్లాసుతో తాగేవారు. నేను చూసినంతలో రెండిళ్ళలోనూ మొదటి నెలల్లో బాగా తగ్గారు. ఆ తర్వాత రెండిళ్ళలోనూ ఒకచోట ఆగిపోయారు. ఎదురింటి అంకుల్‌ని ఆయన కొడుకే "నాన్న దొంగతనంగా తింటున్నాడు" అనడం నా చెవులారా విన్నాను. డెబ్బై ఏళ్ళ మనిషిని ఆ మాట ఎలా అనగలిగాడో నాకిప్పటికీ అర్థం కాదు.

ఈ ఆగిపోయిన చోటే వ్యాపారం మొదలవుతుంది. మాకు దగ్గర్లో ఒక న్యూట్రిషన్ సెంటర్ ఉంది, పేరు అనవసరం. ఫ్రీ చెకప్ అంటే వెళ్ళాను. అక్కడి అమ్మాయి నన్ను ఒక మిషన్ మీద నిలబెట్టి "మీ బాడీ ఏజ్ 58 మేడం" అంది. తర్వాత చివరి ఐదు కేజీలకు స్పెషల్ ప్యాకేజీ ఉందంటూ రాత్రి భోజనం బదులు తాగే పౌడర్ డబ్బాల ధర చెప్పింది. నా నెల జీతంలో పెద్ద భాగమే అది. నా షుగర్ ఎంతో అడగలేదు, నెలసరి ఆగిపోయే వయసా అని అడగలేదు, థైరాయిడ్ చూపించుకున్నారా అని కూడా అడగలేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో ప్రోటీన్ పౌడర్ల జోలికి వెళ్ళొద్దనే చెప్పింది. పప్పులు, గుడ్లు, పెరుగు, చేపలు ఉండగా ఆ డబ్బా ఎందుకు? ముందు మనిషికి భయం పెట్టి, తర్వాత డబ్బా చేతిలో పెట్టే ఈ పద్ధతి మీద నాకు పీకల దాకా కోపం ఉంది.

ఇప్పుడు బరువు తగ్గించే ఇంజక్షన్లు కూడా వచ్చాయి. మౌంజారో, వెగోవి 2025లో మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. నిజంగా అవసరమున్నవాళ్ళకు అవి మంచి మందులు, వాడేవాళ్ళను ఎవరూ చిన్నచూపు చూడకూడదు. కానీ బరువు తగ్గడానికైతే అవి బీఎంఐ (ఎత్తుకు ఎంత బరువున్నామో చెప్పే లెక్క) 30, లేదా షుగర్, బీపీ లాంటి జబ్బులతో పాటు 27 దాటినవాళ్ళ కోసం. మా ఆఫీసులో పెళ్ళి ఫొటోల కోసం "రెండు నెలలు వేయించుకుంటే నాలుగు కేజీలు ఎగిరిపోతాయంట" అని మాట్లాడుకుంటున్నారు. వెగోవిలో ఉండే సెమాగ్లుటైడ్ మీద జరిగిన పెద్ద పరీక్షలో, మందు ఆపేసిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. ఈ సంగతి కూడా డాక్టరు గారి దగ్గర అడిగి తెలుసుకున్నాకే పెళ్ళి ఫొటోల గురించి ఆలోచించండి.

ఇక ఆ 60 అనే అంకె. భారతీయులకు బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని మన వైద్యులు పెట్టుకున్న కొలత. నా ఎత్తుకు 23 అంటే 59 కేజీలు, దాన్నే గుండ్రంగా 60 చేశారు. 65 దగ్గర నా బీఎంఐ 25.4. చార్టు అబద్ధమని నేననను. మనవాళ్ళ ఒంట్లో కొవ్వు ఎక్కువ, కండ తక్కువ అనేది నిజం. పుణె డాక్టర్ యాజ్నిక్, లండన్‌లోని తన మిత్రుడు డాక్టర్ యుడ్కిన్ కలిసి 2004లో తమ ఇద్దరి లెక్కే బయటపెట్టారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్నిక్‌కి 21.2 శాతం. అంటే మనకు మిషన్ మీది అంకె కంటే నడుము చుట్టుకొలత ముఖ్యం. ఆడవాళ్ళకు 80, మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు దాటకూడదు. నాకు ఇంకా ఐదు సెంటీమీటర్లు ఉంది, దాని కోసం పనిచేస్తున్నాను. ఇంట్లో రెండు డంబెల్స్ కొన్నాను, మధ్యాహ్నం పప్పు కప్పు పెద్దది చేశాను. కడుపు మాడ్చుకుని మాత్రం చెయ్యను. మాడ్చుకుంటే కొవ్వుతో పాటు కండా పోతుంది, ఈ వయసులో పోయిన కండ తేలిగ్గా రాదు.

ఇంకొకటి కూడా మన పక్కనే, చెన్నైలో జరిగింది. డాక్టర్ రామచంద్రన్ బృందం షుగర్ అంచున ఉన్న 531 మంది మీద చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. నడక, తిండి మార్పులు పాటించినవాళ్ళలో షుగర్ వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. వాళ్ళ బరువు చెప్పుకోదగ్గంత మారనే లేదు. వదినకు ఇది ఫోన్లో చదివి వినిపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "మరి మీ అన్నయ్యను కూడా నీతో నడవడానికి పంపించనా?" అంది. ఇప్పుడు అన్నయ్య కూడా వస్తున్నాడు.

మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్ళు కొత్త సంవత్సరానికి వెయిట్ లాస్ ఛాలెంజ్ పెడుతున్నారు. నెల రోజుల్లో ఎవరు ఎక్కువ కేజీలు తగ్గితే వాళ్ళకు మిక్సీ, ఎవరు ఎంతున్నారో లిఫ్టు పక్కన బోర్డు మీద పేర్లతో సహా రాస్తారట. మజ్జిగ మీద పడుకునే మా అక్క అప్పుడే పేరు ఇచ్చేసింది. సెక్రటరీ గారికి నేను కాగితం మీద రాసిచ్చాను. బోర్డు వద్దు. కేజీల బదులు నడుము టేపుతో కొలవండి, అది కూడా ఎవరిది వాళ్ళకే చెప్పండి. షుగర్ మందులు వాడేవాళ్ళు డాక్టరుకు చెప్పకుండా భోజనం మానకూడదని ముందే ప్రకటించండి. గత ఏడాది తగ్గి, పెరగకుండా ఉన్నవాళ్ళకు కూడా ఒక బహుమతి పెట్టండి. ఆయన చదివి "ఆలోచిద్దాం మేడం, అందరూ ఒప్పుకోవాలి కదా" అన్నారు. ఆదివారం పదింటికి సెల్లార్‌లో మీటింగ్ ఉంది. మా బ్లాకు వాళ్ళు ఇది చదువుతుంటే దయచేసి ఒక్క పావుగంట వచ్చి కూర్చోండి. నేను లేచి అడుగుతాను, నాతో పాటు ఇంకో నలుగురు చేతులెత్తితే చాలు.