ఆగిపోయిన సీరియళ్లు, లెక్కలో లేని పర్లాకిమిడి

మా అమ్మ రోజూ మధ్యాహ్నం చూసే సీరియల్ ఒక సోమవారం రాలేదు. ఆ టైముకి ఏదో సినిమా నడుస్తోంది. ఛానల్ తప్పు నొక్కానేమో అనుకుని మళ్లీ మళ్లీ తిప్పి చూసింది. చివరికి పిన్ని వచ్చి చెప్పింది: "అదైపోయిందప్పా, శనివారమే శుభం కార్డేశారు." శనివారం అమ్మ పెళ్లికి వెళ్లింది. రెండేళ్లు ఇంటిల్లిపాదినీ ఏడిపించిన బావగారు ఏమయ్యాడని అడిగితే, మారిపోయాడంది పిన్ని. ఒక్క ఎపిసోడ్‌లో మారిపోయాడట.

నేను టీవీకి అతుక్కుపోయే మనిషిని కాదు. అన్నం తింటూ అరగంట చూస్తాను, అంతే. అయినా ఆ రోజు అమ్మ మొహం చూశాక ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. ఏ సీరియల్ ఉండాలో, ఏది పోవాలో తేల్చేటప్పుడు మాలాంటి వాళ్లని ఎవరైనా లెక్కేస్తారా?

మా పర్లాకిమిడి ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది. ఆనుకునే ఉన్న పాతపట్నం అటే ఉండిపోయింది, ఇప్పుడది శ్రీకాకుళం జిల్లా. సాయంత్రమైతే రెండు ఊళ్లలోనూ ఒకే సీరియల్ పాట వినిపిస్తుంది. రేటింగుల దగ్గరే దారులు వేరు. టీవీ రేటింగులు లెక్కగట్టే బార్క్ సంస్థ కొన్ని ఇళ్లను ఎంచుకుని మీటర్లు పెడుతుంది. ఛానల్ ధ్వనిలో మన చెవికి అందని గుర్తొకటి కలిపి ఉంటుంది. మీటరు దాన్ని పట్టుకుని ఆ ఇంట్లో ఏ ఛానల్ నడుస్తోందో నమోదు చేస్తుంది. తెలుగు సీరియళ్ల టీఆర్పీలని వారం వారం మనం చదివే అంకెలు ఆంధ్ర, తెలంగాణ మార్కెట్‌వి. ఒడిశా వేరే మార్కెట్. పాతపట్నంలో మీటరున్న ఇల్లు ఛానల్ మారిస్తే ఆ అంకె కదులుతుంది. మా వీధి వీధంతా కూర్చుని చూసినా కదలదు. ప్రకటనల డబ్బు ఆ అంకె వెంటే పోతుంది.

నష్టమొచ్చే కార్యక్రమాన్ని ఛానల్ ఆపుకుంటే తప్పనను. ఇంకా ముందే ఆపాల్సిన సీరియళ్లూ ఉన్నాయి. కానీ ఆ వారం అంకెనే కార్యక్రమం విలువగా చూడకూడదు. అమెరికాలో స్టార్ ట్రెక్ అనే సీరియల్ 1966లో మొదలైంది. 79 ఎపిసోడ్ల తర్వాత 1969లో ఎన్‌బీసీ ఛానల్ దాన్ని ఆపేసింది. ఆ తర్వాత స్థానిక స్టేషన్లు పాత ఎపిసోడ్లనే మళ్లీ మళ్లీ వేయడంతో అసలైన ఆదరణ వచ్చింది. మన అమృతం జెమినీలో 2007లోనే అయిపోయింది. దాన్ని యూట్యూబ్‌లో చూసి నవ్వుకునే పిల్లల్లో చాలామంది అప్పటికి పుట్టనేలేదు. అది నెట్‌లో లేకపోతే వాళ్లకి అమృతరావు, ఆంజనేయులు ఎవరో తెలిసేదే కాదు.

మాకు ఈ విషయం ఇంకాస్త లోతుగా తగులుతుంది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పిన ఊరు మాది. మా పిల్లలు మాత్రం బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుతారు. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. మా వీధిలో చాలా ఇళ్లకి తెలుగు బడి టీవీయే. ఈటీవీలో పాడుతా తీయగా వచ్చే రాత్రి మా అప్ప (అక్క) నోట్‌బుక్ పట్టుకుని కూర్చునేది. బాలసుబ్రహ్మణ్యం గారు పాడిన పిల్లల ఉచ్చారణ సరిదిద్ది, పాటలో మాటకి అర్థం విడమరిచి చెబుతుంటే, తెలుగు పాటని ఒడియా అక్షరాల్లో రాసుకునేది. 'ళ'కీ 'ల'కీ తేడా తను అక్కడే పట్టుకుంది. ఆయన 2020లో వెళ్లిపోయారు. ఆ పాత ఎపిసోడ్లు మాకు పాఠ్యపుస్తకాల లాంటివి. వాటిని కాలక్షేపం కింద జమకడితే నాకు బాధగా ఉంటుంది.

2019లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన కొత్త టీవీ ధరల విధానం వచ్చింది. పే ఛానళ్లు ఏవి కావాలో ఎంచుకుని కట్టుకోవాలి. మా కేబుల్ అబ్బాయి తెచ్చిన ప్యాకులో ఒడియా ఛానళ్లున్నాయి, తెలుగువి విడిగా కట్టాలన్నాడు. కొన్ని ఇళ్లు కట్టలేదు. ఆ ఇళ్లలో తెలుగు సీరియళ్లన్నీ ఒకేసారి ఆగిపోయినట్టే.

అందుకే నా ఆశంతా పాతవాటి మీదే. టేపులకి ఏ గతి పడుతుందో బీబీసీని చూస్తే తెలుస్తుంది. చెరిపేసిన టేపుల వల్ల 1960ల నాటి డాక్టర్ హూ సీరియల్ ఎపిసోడ్లు తొంభైకి పైగా కనపడకుండా పోయాయి. ప్రసార భారతి 2024 నవంబరులో వేవ్స్ యాప్ తెచ్చి పాత దూరదర్శన్ కార్యక్రమాలు పెట్టింది. 1977 నుంచీ నడుస్తున్న హైదరాబాద్ కేంద్రంలో మిగిలిన తెలుగు నాటకాలు, ధారావాహికలు అన్నీ అందులోకి రావాలి. కింద తెలుగు అక్షరాల్లో సబ్‌టైటిల్స్ కూడా పడాలి. ప్రైవేటు ఛానళ్లు ఆపేసిన సీరియల్‌ని మొదటి నుంచి చివరిదాకా చూసే వీలు ఉంచాలి. ఆపే ముందు రెండు వారాలు చెప్పి, కథని ఒక కొలిక్కి తేవాలి. ఏళ్ల తరబడి చూసిన వాళ్లకి ఆ మాత్రం బాకీ ఉన్నారు.

అమ్మ చూడని ఆ చివరి ఎపిసోడ్ కోసం మా మేనకోడలు ఫోన్ తీసింది. సీరియల్ పేరు తెలుగులో రాయడం రాదు. ఒడియా అక్షరాల్లో కొడితే ఏవేవో వచ్చాయి. చివరికి మైకు గుర్తు నొక్కి ఫోన్ అమ్మ నోటి దగ్గర పెట్టింది. అమ్మ పేరు పలికింది. దొరికింది.