సవరణ: భీమవరం అద్దె ఇంటి లెక్క

భీమవరంలో 50 లక్షలు పెట్టి ఫ్లాట్ కొని నెలకు 15 వేలకు అద్దెకిస్తే 3.6 శాతం రాబడి అని మొన్న రాశాను. అది ఖర్చులు తీయకముందు లెక్క, చేతికి మిగిలేది కాదు. ఒకళ్లు ఖాళీ చేసి ఇంకొకళ్లు దిగేలోపు ఒక నెల పోయినా వచ్చేది 1.65 లక్షలే. ఇంటిపన్ను, మెయింటెనెన్స్, సున్నాలు అందులోంచే. ఉప్పునీటి బోరున్న చోట కుళాయిలు, గీజరు త్వరగా పాడవుతాయి. ఆ బిల్లు ఎప్పుడూ ఓనరుదే (అద్దెకున్నవాళ్లు ఫోన్ మాత్రం చేస్తారు).

అద్దె ఆదాయం మీద ఆదాయపు పన్ను లెక్కేసేటప్పుడు ఇచ్చే 30 శాతం మినహాయింపు ఇంటి ధర మీద అనుకున్నారు కొందరు. కాదు. అద్దెలోంచి కట్టిన ఇంటిపన్ను తీసేయగా మిగిలిన దాని మీద. రిపేర్లకు రూపాయి పెట్టకపోయినా వస్తుంది, లక్ష పెట్టినా అంతే. హోమ్‌లోన్ వడ్డీ ఆ మిగిలిన అద్దెను మించి నష్టం వస్తే, పాత పన్ను విధానంలో ఏడాదికి 2 లక్షల వరకు పన్ను పడే జీతంలోంచి తగ్గించుకోవచ్చు. కొత్త విధానంలో కుదరదు.

అద్దె ఏటా 5 శాతం పెంపు అన్నది అగ్రిమెంట్‌లో రాసుకునే మాట. 2025 ఆగస్టులో మన సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పటిలా రొయ్యకు దెబ్బ తగిలిన ఏడాది, భీమవరంలో ఆక్వా మీద బతికే అద్దెవాళ్లను పెంపు గట్టిగా అడగలేం.